ఉద్దానంలో మిలట్రీవారి సంఘం గది

పాయసంలోకి జీడిపప్పు వేయించేటప్పుడు పప్పు నిండుగా ఉందా, బద్దలొచ్చేయా అని చూసుకుంటాం. బద్దలైతే షాపతనితో పేచీ పెట్టుకుంటాం కూడా. నేనూ అంతే లెండి. కాని ఆ పప్పుని పిక్కలోంచి తీసిన వేళ్ళ సంగతి మనలో ఎవరికీ గుర్తు రాదు.

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు పగలగొట్టి, పొర తీసి, ఏరి మన దాకా పంపేది ఎక్కువమంది ఆడవాళ్ళే. పిక్క డొల్లలో ఒక చమురు ఉంటుంది. చర్మానికి తగిలితే పొక్కుతుంది. వేళ్ళకి బూడిదో ఆముదమో రాసుకుని పని చేస్తారు. ఏళ్ళ తరబడి ఆ పని చేసినావిడ చెయ్యి మీరెప్పుడైనా పట్టుకుని చూస్తే తెలుస్తుంది. బొటనవేలి మీద గీతలుండవు. తుడిచిన పలకలా నున్నగా ఉంటుంది.

అలాంటి ఒకావిడ గురించి చెప్పాలనే ఈ ప్రసంగం మొదలుపెట్టేను. పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు. భర్త సైన్యంలో పనిచేసి, పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చి, కొన్నాళ్ళకి పోయేడు. ఆవిడకి కుటుంబ పింఛను వస్తోంది. పింఛనుదారులు ఏటా నవంబరు నెలలో తాము బతికే ఉన్నట్టు ధృవపత్రం ఇవ్వాలి కదా! 2014 నుంచి దాన్ని వేలిముద్రతో మిషను మీద ఇచ్చే పద్ధతి వచ్చింది. ఈవిడ వెళ్ళి బొటనవేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది. ఒప్పుకోలేదు. పదివేళ్ళూ అయ్యేయి. కౌంటరులో కుర్రాడు, "మళ్ళీ వారం రామ్మా" అన్నాడు. మూడు వారాలు తిరిగింది. రాను పోను ఆటో ఖర్చు, ఆ పూట కూలి నష్టం. నాలుగో వారం ఆవిడ కౌంటరుకి వెళ్ళలేదు, వాళ్ళ ఊళ్ళో మాజీ సైనికుల సంఘం గదికి వెళ్ళింది.

"నాను సచ్చిపోనానని మిసను సెప్తంది. నువ్వేటంతావు బావూ?" అని అక్కడున్న ముసలి సుబేదారుగారిని అడిగిందట.

ఆయన మనవడిని పిలిచేడు. వేలు అక్కర్లేకుండా ముఖం చూపించి ధృవపత్రం ఇచ్చే వీలు 2021 నుంచి ఉంది. ఆ సంగతి కౌంటరులో ఎవరూ ఆవిడకి చెప్పలేదు. మనవడు ఫోను ముఖానికి ఎదురుగా పెట్టి, "కళ్ళు ఓసారి మూసి తెరు మామ్మా" అన్నాడు. ఆవిడ మూసి తెరిచింది. అయిపోయింది.

"బతికున్నానని సెప్పడానికి కన్ను గీటితే సాలేటి? ఈ వొయిసులోనా!" అని ఆవిడ నవ్విన నవ్వుకి గదిలో ఉన్న మీసాల హవల్దార్లందరూ తలలు దించుకున్నారట. ఇదంతా నాకు చెప్పినది ఆవిడే.

నా పుట్టిల్లు టెక్కలి దగ్గర. చుట్టాలంతా పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు. ఆ ప్రాంతంలో ఏ ఊరు వెళ్ళినా "మిలట్రీ వాళ్ళిల్లు" అని ఒకటి కాదు, పది చూపిస్తారు. ఈ సంఘాలూ అలాగే చాలా ఊళ్ళలో ఉన్నాయి. కొన్నింటికి సొంత భవనం, రిజిస్ట్రేషను, బోర్డు అన్నీ ఉన్నాయి. కొన్నింటికి ఒక గదీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలూ, గోడకి ఒక గడియారమూ. చిన్నప్పుడు అది మగవాళ్ళు పేకాడుకునే చోటనుకునేదాన్ని. పేకాట లేదని ఇప్పుడూ అనను. కాని ఆ గది వెనక ఎంత చరిత్ర ఉందో ఈమధ్య తెలుసుకున్నాక, మీతో చెప్పకుండా ఉండలేకపోయేను.

ఉద్దానం అన్న మాట ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో సముద్రం ఒడ్డునున్న నేల అది. కొబ్బరి, పనస, జీడి తోటలు. బస్సులోంచి చూస్తే కోనసీమ అనుకుంటాం. కాని కోనసీమకున్న గోదావరి దీనికి లేదు. తోట ఉన్నవాడికి తోట కాపుకొచ్చే దాకా తిండి ఎలాగ? తోట లేనివాడి మాట చెప్పనే అక్కర్లేదు. అందుకని అక్కడి మగవాళ్ళు ఏనాడో ఊరు విడిచి బతకడం నేర్చుకున్నారు. మన పెద్దవాళ్ళ నోట "రంగం వెళ్ళేడు" అన్న మాట వినే ఉంటారు. రంగం అంటే రంగూను. ఈ ఉత్తర తీరపు రేవుల్లో ఓడలెక్కి బర్మా వెళ్ళి, ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసి డబ్బు పంపేవారు. ఆ రోజుల్లో టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిసేయి. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. మగవాడు దూరాన ఉండడం, ఆడది ఇల్లూ పొలమూ చూసుకోవడం అనేది ఈ జిల్లా కంటే పాత అలవాటన్నమాట.

ఇక సైన్యం. ఇక్కడొక వింత చెప్తాను. ఉత్తర హిందూస్థానంలో పూర్వం సిపాయిని "తిలంగా" అనేవారు. తిలంగా అంటే తెలుగువాడు! కుంఫిణీవారు పద్ధెనిమిదో శతాబ్దంలో తమ పటాలాలకి జనాన్ని మొదట ఎత్తుకున్నది మన తీరాల్లోనే. వాళ్ళని బంగాళం తీసుకెళ్ళేరు. ఎర్రకోటు వేసుకున్న సిపాయి ఏ కులంవాడైనా, ఏ దేశంవాడైనా ఆ పేరే నిలిచిపోయింది. అంత పేరు మోసినవాళ్ళని పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి తెల్లదొరలు పక్కన పెట్టేసేరు. యుద్ధానికి పనికొచ్చే జాతులు కొన్నే ఉన్నాయనీ, అవన్నీ ఉత్తరాదినే ఉన్నాయనీ ఒక సిద్ధాంతం లేవదీసేరు. దక్షిణాది పటాలాలు ఒకటొకటే తగ్గిపోయి, 1928 నాటికి మద్రాసు పదాతి దళాలు లేకుండా పోయేయి. వంతెనలూ రోడ్లూ వేసే మద్రాసు సాపర్లు మాత్రం మిగిలేరు. వంతెన కట్టడానికి పనికొచ్చినవాడు తుపాకీ పట్టడానికి ఎందుకు పనికిరాడో ఆ దొరలకే తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి సిద్ధాంతం అటకెక్కింది. 1941లో మద్రాసు రెజిమెంటుని మళ్ళీ నిలబెట్టేరు. 1942 మార్చిలో రంగూను జపానువాళ్ళ చేతికి చిక్కింది. రంగంలో ఉన్న మనవాళ్ళు వేలమంది అడవులూ కొండలూ దాటి, నడిచి ఇల్లు చేరేరు. చేరనివాళ్ళు దారిలోనే పోయేరు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బర్మా దారి మూసుకుపోయిన కుర్రవాళ్ళకి పటాలం దారి తెరుచుకుంది. మన దేశం నుంచి ఆ యుద్ధానికి వెళ్ళిన 25 లక్షలమందిలో ఈ ఇసుక నేల వాళ్ళూ ఉన్నారు. ఇంట్లో తల్లులకి మాత్రం పెద్ద తేడా ఏముంది? అప్పుడు ఓడ, ఇప్పుడు రైలు. అంతే.

యుద్ధం అయిపోయింది. 1946, 47ల్లో వాళ్ళలో చాలామందిని ఇళ్ళకి పంపించేసేరు. చేతిలో కొంత డబ్బు పెట్టేరు. పింఛను లేదు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళ నౌకరీ ఉండాలి. యుద్ధానికని చేరినవాడికి అయిదారేళ్ళేగా! ఇదిగో, సంఘం కథ ఇక్కడ మొదలవుతుంది. మెడల్సు ఉన్నాయి, బియ్యం లేవు. అర్జీ పెట్టుకుందామంటే ఇంగ్లీషు రాదు. పటాలంలో గుమాస్తాగా పనిచేసినవాడు ఒకడు ఊళ్ళో ఉంటే, వాడి అరుగు మీద అందరూ చేరేవారు. వాడు అర్జీ రాస్తే వీళ్ళు వేలిముద్ర వేసేవారు. ఎవరూ కొబ్బరికాయ కొట్టి ప్రారంభించలేదు, ఎవరూ రిబ్బను కత్తిరించలేదు. అరుగు మీద పుట్టిన సంఘం అది. మా పెద్దవాళ్ళు చెప్పగా విన్న సంగతి ఇది.

ప్రభుత్వం తరఫున ఏమీ లేదని కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లోనే సిపాయిల బాగోగులకని దేశానికంతటికీ ఒక బోర్డు పెట్టేరు. జిల్లాల్లోనూ బోర్డులు వచ్చేయి. 1975 నుంచి ఢిల్లీ బోర్డుని కేంద్రీయ సైనిక్ బోర్డు అంటున్నారు. జిల్లా కలెక్టరు ఆధ్వర్యాన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది. ఏటా డిసెంబరు 7న స్కూలు పిల్లలు చిన్న జెండాకి గుండుసూది గుచ్చి మన దగ్గర డబ్బులు తీసుకెళ్తారే, ఆ పతాక దినం 1949 నుంచి జరుగుతోంది. ఆ డబ్బు వీళ్ళ కోసమే. ఇక మాజీ సైనికులంతా ఒక చోట చేరాలని 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్ ఏర్పడింది. దాని వెనక ఉన్నవారు మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని అయిన కరియప్పగారు. ఆయన రిటైరయిన రోజు 1953 జనవరి 14. ఆ తేదీనే ఇప్పుడు మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. మన ఊళ్ళలో అది భోగో, సంక్రాంతో అయి కూర్చుంటుంది. జెండా దగ్గరికి వెళ్ళొచ్చి గారెలు తింటారు.

బోర్డు శ్రీకాకుళంలో ఉంది, సరే. పలాస నుంచి శ్రీకాకుళం డెబ్బై ఎనభై కిలోమీటర్లు. నూట యాభై రూపాయల కాగితం పని కోసం మూడొందల రూపాయలు పెట్టుకుని ముసలావిడ అంత దూరం వెళ్ళగలదా? బోర్డుకీ గుమ్మానికీ మధ్యనున్న ఆ దూరంలోనే ఊరి సంఘం పని చేస్తుంది.

1962లో చైనా యుద్ధం వచ్చేక సైన్యాన్ని బాగా పెంచేరు. 65, 71 యుద్ధాలు వచ్చేయి. మా పెద్ద మేనమామ 71లో తూర్పు వైపు ఉన్నాడు. ఆయన ఉత్తరాల మీద చిరునామా "కేరాఫ్ 56 ఎ.పి.ఓ." అని ఉండేది. నేను పుట్టేక కూడా అదే చిరునామా. అది ఊరి పేరే అనుకుని స్కూలు మ్యాపులో వెతికేను. నెలనెలా మనియార్డరు వచ్చేది. పోస్టుమేను సైకిలు గంట కొడితే అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చేది. మనియార్డరు పారం కింద చివర చిన్న జాగాలో మావయ్య రెండు ముక్కలు రాసేవాడు. "క్షేమం. పిల్లలు జాగ్రత్త." అంతే. ఆ ముక్క చింపి అత్తయ్య గూట్లో దాచేది. తపాలా శాఖ ఆ పాత మనియార్డరుని 2015లో ఆపేసింది. ఇప్పుడు డబ్బు టింగుమని ఫోనులో పడుతుంది. రెండు ముక్కలు మాత్రం పడవు.

సిపాయి రిటైరయ్యే వయసు గురించి మీకు తెలుసా? పదిహేనేళ్ళో, పదిహేడేళ్ళో నౌకరీ చేసి ముప్ఫయ్యయిదు, ముప్ఫయ్యెనిమిదేళ్ళకే వచ్చేస్తాడు. మన ఆఫీసు మొగుళ్ళు అరవైకి వస్తారు, అప్పటికి పిల్లల పెళ్ళిళ్ళయిపోతాయి. వీళ్ళకి పిల్లలు ఇంకా ఆరో తరగతిలో ఉంటారు. పదిహేడేళ్ళు ఏడాదికి రెణ్ణెల్ల సెలవులో చుట్టంలా వచ్చి వెళ్ళినవాడు నల్ల ట్రంకుపెట్టెతో వచ్చి ఇంట్లో దిగుతాడు. ఇన్నాళ్ళూ ఇల్లు నడిపినది ఆవిడ. కొబ్బరి దింపుడు బేరం, అప్పుల లెక్క, గొడ్డూ గోదా అన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి. ఈయన పొద్దున్న నాలుగున్నరకి లేచి పిల్లల్ని నిలబెట్టి, చెప్పులు వరసలో లేవని కేకలేస్తాడు. వంటింట్లో డబ్బాలకి నంబర్లు వేస్తాడు. మా మావయ్య వచ్చిన కొత్తలో పోపులపెట్టె పైన కూడా ఏదో రాసేడు. మూడో నెలలో అత్తయ్య మా అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "ఆ సంఘం గది నేకపోతే నానేటైపోదునో వదినా! పది గంటలకెల్లి రెండింటికొస్తన్నాడు. ఆ నాలుగ్గంటలూ నాకు పేణం లేచొస్తంది."

నవ్వుకోండి గాని, ఇందులో నిజం ఉంది. ఆ గదిలో అందరూ తనలాంటివాళ్ళే. హిందీ కలిపిన తెలుగు మాటలు అక్కడ ఎవరికీ వింతగా ఉండవు. అక్కడే బ్యాంకు గార్డు ఉద్యోగం సంగతి తెలుస్తుంది, అక్కడే డి.ఎస్.సి.లో మళ్ళీ చేరొచ్చునని తెలుస్తుంది. ఊళ్ళో కుర్రాళ్ళని పొద్దున్నే సముద్రం ఒడ్డున పరుగెత్తించి సెలక్షనుకి తయారు చేసే పని కూడా అక్కడే తలకెత్తుకుంటారు. ఇసుకలో పరుగెత్తినవాడికి గ్రౌండులో పరుగు లెక్కలోది కాదంటారు.

క్యాంటీను మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. క్యాంటీను కార్డు మీద మిక్సీ, కుక్కరు, సబ్బులు తక్కువలో వస్తాయి. దాంతోపాటు రమ్ము సీసాల కోటా కూడా వస్తుంది. ఊళ్ళో మాజీ సైనికుడి పరపతిలో సగం ఆ సీసాదేనని మా పిన్ని అనేది. పెళ్ళికి పిలవనివాళ్ళు కూడా కోటా తేదీ మాత్రం అడిగి తెలుసుకునేవారు. సంఘాల్లో పెద్దవాళ్ళు కొందరు దీన్ని కట్టడి చెయ్యడానికి చూసేరు, కొందరు చూడనట్టు ఊరుకున్నారు. ఊరుకున్నవాళ్ళని నేను మెచ్చుకోలేను.

ఇప్పుడు అసలు మన ఆడవాళ్ళ సంగతికి వస్తాను.

సిపాయికి పెళ్ళయితే ఆ సంగతి యూనిట్‌లో చెప్పి, "పార్ట్ టూ ఆర్డరు"లో ఎక్కించాలి. పిల్లలు పుడితే అదీ ఎక్కించాలి. ఎక్కకపోతే సైన్యం పుస్తకాల్లో ఆ భార్య లేదు, ఆ బిడ్డ లేదు. పాతకాలం సిపాయిల్లో చాలామంది సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని, మర్నాడో మూడోనాడో రైలెక్కినవాళ్ళే. ఆమె పేరు గుమాస్తాకి నోటిమాటగా చెప్తే, ఆ పంజాబీయో మరాఠీయో తనకి వినబడినట్టు రాసుకున్నాడు. రికార్డులో అప్పలమ్మ, రేషను కార్డులో నరసమ్మ, ఆధారులో అప్పలనరసమ్మ! ముగ్గురూ ఒక్క మనిషే అని భర్త బతికున్నంతకాలం రుజువు చెయ్యాల్సిన అవసరం రాదు. ఆయన పోయిన పదకొండో రోజున వస్తుంది.

ఉద్దానంలో సంఘం రిజిస్టర్లు తిరగేస్తే ఎక్కువ కాగితాలు ఇవేనట. పేరు దిద్దమని, పుట్టిన తేదీ ఎక్కించమని, రెండో కూతురి పేరు చేర్చమని. నేను చూసిన ఒక గదిలో ఒక రిటైర్డు హవల్దారు క్లర్కుగారు ఇరవై ఏళ్ళుగా రికార్డు ఆఫీసులకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నాడు. డబ్బు పుచ్చుకోడు. కాని ఒక షరతు పెడతాడు. భర్త బతికుండగానే భార్య వచ్చి తన పేరు రికార్డులో ఎలా ఉందో తన కళ్ళతో చూసుకోవాలి, చదువు రాకపోతే పిల్లలచేత చదివించుకోవాలి. "ఆయనకి తెలుసు" అంటే ఒప్పుకోడు. ఈ ఒక్క షరతు వల్ల ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో!

పింఛను లెక్క కూడా చెప్తాను, వినండి. మామూలుగా పోయిన సైనికుడి భార్యకి ఆఖరి జీతంలో 30 శాతం కుటుంబ పింఛను. యుద్ధంలోనో, అలాంటి పోరులోనో పోతే ఆ ఆఖరి జీతం మొత్తం పింఛనుగా వస్తుంది. అంటే మరణం ఏ పద్దులో రాసేరన్నదాని మీద ఆ ఇంటి బతుకంతా ఆధారపడి ఉంటుందన్నమాట. జెండా కప్పిన పెట్టె ఊరికి వచ్చిన రోజున ఈ మాట ఆలోచించే స్థితిలో ఎవరుంటారు? 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఊరూరా ఎంత ఉద్వేగమో మీకు తెలుసు. దండలు, ఉపన్యాసాలు, కెమేరాలు. అలాంటి రోజున సంఘం వాళ్ళు పాత టోపీలు పెట్టుకుని, మెడల్సు తగిలించుకుని పెట్టె వెంట నడుస్తారు. అదొక గౌరవం. కాని నాకు అంతకంటే గొప్పగా తోచేది ఆ తరువాత జరిగే పని. వాళ్ళలో ఒక పెద్దాయన భార్యని తీసుకుని లోపలికి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంటాడు. ఏ కాగితం మీద సంతకం పెట్టొచ్చునో, ఏది చదవకుండా పెట్టకూడదో ఆ అమ్మాయికీ, ఆమె తల్లికీ చెప్తారు. అత్తవారికీ కోడలికీ డబ్బు మీద తగవు రాకుండా కాపలా కాస్తారు. తగవు వస్తుంది తల్లీ, తప్పకుండా వస్తుంది. కొడుకు పోయిన తల్లీ, మొగుడు పోయిన పిల్లా ఒకే పెట్టె మీద పడి ఏడ్చినవాళ్ళే ఆరు నెలలకి వేరే వేరే ప్లీడర్ల దగ్గరికి వెళ్తారు. కొన్ని చోట్ల సంఘం మాట విని ఆగేరు. కొన్ని చోట్ల ఆగలేదు.

ఇంత పనీ ఆడవాళ్ళ కోసం జరుగుతుండగా ఆడవాళ్ళకి మాత్రం చాలాకాలం ఆ గదిలో కుర్చీ లేదు. గుమ్మం దగ్గర నిలబడి కాగితం అందించేవారు. మా అత్తయ్య మావయ్య పోయేక మొదటిసారి వెళ్ళినప్పుడు, "కూర్చో అమ్మా" అనలేదని ఇంటికొచ్చి బాధపడింది. మర్యాద తెలియక కాదు, అలవాటు లేక. ఇప్పుడు మారింది. పోయినసారి నేను వెళ్ళినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చందా లెక్క చూస్తున్నారు. వాళ్ళకి టీ తెచ్చినవాడు మాజీ నాయక్!

అందరికీ ఒకే ర్యాంకుకి ఒకే పింఛను కావాలన్న గొడవ మీరు పేపర్లో చదివే ఉంటారు. 1973లో మూడో పే కమిషను తరువాత మొదలైన అసంతృప్తి అది. 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ముసలి సైనికులు నెలల తరబడి కూర్చున్నారు. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది, 2014 జులై 1 నుంచి లెక్క కట్టేరు. దీని పైన నేను ఎక్కువ చెప్పలేను, పదో తరగతితో ఆపినదాన్ని. ఊరి గదిలో మాత్రం ఎవరికెంత బకాయి రావాలో లెక్కలు కట్టడానికి నెల్లాళ్ళు రాత్రి పది దాకా దీపం వెలిగింది.

ఉద్దానం అనగానే మీకు కిడ్నీ జబ్బు గుర్తొచ్చి ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళకి పైగా ఆ ఊళ్ళని పీడిస్తోంది. ఎందుకు వస్తోందో ఇంతవరకు గట్టిగా ఎవరూ తేల్చలేదు. అక్కడ ఆడవాళ్ళు కలిస్తే "కూరేం వండేవు" అన్నట్టే "క్రియాటినిన్ ఎంతుంది" అని అడుగుతారు. పెద్ద డాక్టరు మాట అది, మన నోట్లో తిరగదు. వాళ్ళ నోట్లో నలిగిపోయింది. మాజీ సైనికులకి 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం ఉంది. ఒక్కసారి చందా కడితే భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం వైద్యం. కనక మిలట్రీ ఇంటికి డయాలసిస్‌కి ఒక దారి ఉండేది. పక్కింటి కొబ్బరి కూలీకి ఆ దారి లేదు. ఒకే వాడ, ఒకే నుయ్యి, ఒకే జబ్బు. మావయ్య ఒకసారి, "కార్డు చూపించి లోపలికి వెళ్తూంటే వెనక నిలబడ్డవాడి మొహం చూడలేం" అన్నాడు. తరువాత 2019లో డయాలసిస్ రోగులకి నెలకి పదివేల పింఛను ఇచ్చేరు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించేరు, వంశధార నీళ్ళు గొట్టాల్లో తెచ్చేరు. దానికి ముందు ఏళ్ళ తరబడి రోగుల్ని విశాఖపట్నం తీసుకెళ్ళడం, రక్తం ఇవ్వడం ఈ సంఘాల కుర్రాళ్ళూ పెద్దలూ చేసిన పనే మా వాళ్ళ ఊళ్ళో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట. పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి! లక్షల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకొరిగేయి. ముప్ఫయ్యేళ్ళు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోతే, మళ్ళీ కాపుకి ఎన్నేళ్ళు కావాలో లెక్కేసుకోండి. మా పిన్ని ఊళ్ళో రోడ్డు మీద పడ్డ చెట్లని మొదట నరికి దారి చేసినవాళ్ళు అరవై దాటిన మాజీ సైనికులు. ఎవరూ చెప్పకుండానే ఒకాయన ఈల ఊదేడట, అందరూ గొడ్డళ్ళతో వరసలో నిలబడ్డారట. "ఆ ఏళ కూడా వొరసేటి!" అని మా పిన్ని విసుక్కుంది గాని, సాయంత్రానికి పాల వ్యాను ఊళ్ళోకొచ్చింది.

తాడేపల్లిగూడెం దగ్గర మిలట్రీ మాధవరం అని ఒక ఊరుంది, వినే ఉంటారు. ఊరు పేరులోనే మిలట్రీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటింటా సైనికులున్న ఊరు. పోయినవారి పేర స్మారకం కట్టుకున్నారు. ఒకప్పుడు రాజులు తమ కోట కాపలాకి శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి సైనికుల్ని తెచ్చి అక్కడ పెట్టేరనీ, వారి సంతతే తామనీ ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. అంటే ఆ ఊరికి పుట్టిల్లు మనవైపే! మాధవరానికి వచ్చిన పేరు ఉద్దానానికి ఎందుకు రాలేదంటే, ఇక్కడ సైనికులు ఒక ఊళ్ళో కాకుండా వందల ఊళ్ళలో చెదిరి ఉన్నారు. ఉద్దానానికి ఉద్యమాల పేరు వచ్చింది, జబ్బు పేరు వచ్చింది, జీడిపప్పు పేరు వచ్చింది. సైనికుల పేరు రావలసినంత రాలేదు.

పింఛను లేని ముసలివాళ్ళూ, వాళ్ళ వితంతువులూ ఇంకా ఉన్నారు. పేదలైన వారికి, హవల్దారు ర్యాంకు దాకా, 65 ఏళ్ళు నిండితే కేంద్రం సాయం ఉంది. నెలకి నాలుగు వేలుండేది, 2025లో ఎనిమిది వేలు చేసేరు. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోమనండి.

ఈమధ్య ఆ గదికి వెళ్ళినప్పుడు ఒక చర్చ జరుగుతోంది. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది కదా. చేరిన కుర్రవాడు నాలుగేళ్ళు చేస్తాడు. నూటికి పాతికమంది దాకా ఉంచుకుని మిగతావాళ్ళని పన్నెండు లక్షలకి కాస్త తక్కువ డబ్బిచ్చి ఇంటికి పంపుతారు. పింఛను లేదు, క్యాంటీను లేదు, ఆస్పత్రి కార్డు లేదు. కాగితాల ప్రకారం వాళ్ళు "మాజీ సైనికులు" కూడా కారు. మొదటి జట్టు 2023 జనవరిలో శిక్షణకి వెళ్ళింది. ఆ సముద్రం ఒడ్డున పరుగెత్తి వెళ్ళిన మన పిల్లలే వాళ్ళల్లోనూ ఉన్నారు.

సంఘం రిజిస్టరులో కొత్త సభ్యుడిని ఎక్కించడానికి పింఛను నంబరు అని ఒక గడి ఉంది. ఆ పిల్లలు తిరిగొస్తే ఎలా ఎక్కించాలని ఒకాయన అడిగేడు. నియమాల్లో లేదు కనక కుదరదని ఇంకొకాయన అన్నాడు. చందా లెక్క చూస్తున్న ఇద్దరిలో ఒకావిడ, మొదట చెప్పేనే, వేళ్ళ మీద గీతల్లేని ఆవిడే, తలెత్తకుండా అంది: "యుద్ధం నుంచొచ్చినోలికి పింఛను నేదనే కదా మన పెద్దోలు అరుగు మీద కూకున్నారు? ఆలకి ఏ నంబరుండేది బాబూ?"

ఎవరూ జవాబు చెప్పలేదు. క్లర్కుగారు స్కేలు తీసుకుని, రిజిస్టరులో ఆ గడి పక్కన ఇంకొక గీత గీసేరు.